మిద్దె మీది ఆర్కెస్ట్రా

మా ముత్తాత పెన్నకు అవతల నాలుగు ఊళ్లకు పెద్దమనిషి. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా ఆయన అరుగు మీద తేలాల్సిందే. మా తాత మునసబు. ఆయన పని మీద జమ్మలమడుగు కచేరీకి వెళితే తాసిల్దారు తన బల్లకు ఎదురుగా కాకుండా పక్కన కుర్చీ వేయించేవాడట. ఆ కుర్చీని కుడిపక్కన వేసేవారని కూడా మా ఇంట్లో పిల్లలకు చెప్పేవారు. మా నాయన ఆ వరుసలో మూడోవాడు. ఆయన తీర్పులు చెప్పలేదు. మునసబూ కాలేదు, ఆ ఉద్యోగాలనే ప్రభుత్వం రద్దు చేసింది. ఆయన ప్రొద్దుటూరిలో సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టాడు. ఆయన తర్వాత నేను. ఒక్కతే కూతురిని.

మా తాత భూమిని ఏనాడూ కౌలుకు ఇవ్వలేదు. సొంతంగా సేద్యం చేయించగలిగినంత కాలం చేయించాడు, చేతకానప్పుడు అమ్మాడు. "కౌలుకిస్తే వాడు మనకు లెక్క చెప్పేదానికి వస్తాడు. లెక్క చెప్పేటోడు దండం పెట్టడు" అనేవాడు. మా ఇంట్లో ఏ వస్తువూ బాడుగకు పోయేది కాదు. ఎద్దులబండి అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవారు, కుదరకపోతే లేదనేవారు. ఆ పద్ధతిలో ఒక తరం గడిచేసరికి ఊళ్లో మాకు మిగిలింది అరుగు, దాని వెనక ఇల్లు. ఇంకొంత కాలానికి అవీ లేవు. ప్రొద్దుటూరిలోని మిద్దె ఇల్లు మిగిలింది. ఇదంతా చెబుతున్నప్పుడు నాకు బాధేమీ కలగదు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది.

మా నాయన మద్రాసులో చదివాడు. డిగ్రీ పూర్తి చేయలేదు. హాస్టల్లో ఆయన గదిలోనే ఉన్న కుర్రాడి మేనమామ సినిమా రికార్డింగుల్లో చెల్లో అనే బొంగురు గొంతు ఫిడేలు వాయించేవాడు. ఆయన వెంట ఒకసారి స్టూడియోకు వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడి, పాట రికార్డు చేయడం చూశాడు. గదినిండా మనుషులు, ఎవరి ముందు వాళ్ల కాగితం. గాయకుడు ఎక్కడో అద్దాల గదిలో ఉన్నాడు, సరిగ్గా కనబడను కూడా లేదు. మా నాయన చూసింది ఆ మిగతావాళ్లను. ఇంటికి వచ్చాక కూడా ఆయన మాట అదే. "పాడేటోడు ఒక్కడు. వాని వెనకాల ఊరంత మంది పనిచేస్తాంటారు. మనకు ఆ ఊరు కావాల."

అప్పట్లో మా వైపు పెళ్లిళ్లలో సినిమా పాటంటే హార్మోనియం, తబలా, ఒక గొంతు. మా నాయన అది చాలదన్నాడు. రికార్డులో ఎన్ని వాయిద్యాలు వినిపిస్తే వేదిక మీద అన్నీ ఉండాలన్నాడు. బ్యాండు మేళం నుంచి క్లారినెట్టు, ట్రంపెట్టు వచ్చాయి. గుళ్లో కచేరీలకు పక్కవాద్యం వాయించేవాళ్లు తమ ఫిడేళ్లతో చేరారు. చర్చిలో వాయించే ఒక టీచరు అకార్డియన్ తెచ్చాడు. డోలక్ మనిషి దర్గా వీధిలో దొరికాడు. చెల్లో, డబుల్ బేస్ మాత్రం ఇక్కడ ఎవరూ చూసి ఎరుగరు. వాటిని మద్రాసులో కొన్నాడు. అప్పటికి మిగిలి ఉన్న నల్లరేగడి చేను అందుకే పోయింది.

డబుల్ బేస్ చూడడానికి ఫిడేలులాగే ఉంటుంది, కానీ మనిషి కంటే ఎత్తు. నేల మీద నిలబెట్టి, పక్కన నిలబడి కమానుతో వాయించాలి. దాన్ని ఎర్రగుంట్ల స్టేషనులో దించి, ఎద్దులబండిలో పరుపులు పరిచి, పైన దుప్పటి కప్పి తెస్తుంటే దారిలో ఒకామె బండి ఆపించి టెంకాయ కొట్టిందట. ఏదో అమ్మవారిని ఊరికి తీసుకుపోతున్నారనుకుంది. మా నాయన ఆమెకు నిజం చెప్పలేదు. కర్పూరం ఆరేదాకా పక్కన నిలబడ్డాడు.

దాన్ని వాయించడానికి మనిషి కావాలి. దూది మిల్లులో బేళ్లు మోసే ఒక యువకుడిని, పొడుగ్గా ఉన్నాడన్న ఒకే ఒక్క కారణంతో, మా నాయన ఎంచుకున్నాడు. తర్వాత కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు వచ్చాక అతను అందులో ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. నేను మామా అని పిలుస్తాను. నాకు అరవై దాటినా ఆయన నన్ను పాపా అనే పిలుస్తాడు.

సాధన మిద్దె మీద జరిగేది. పొడవాటి గది, ఒక మూల రేడియోగ్రాం. మా నాయనకు సంగీతం రాసుకోవడం రాదు, వాయించేవాళ్లలోనూ చాలామందికి చదవడం రాదు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. రికార్డు వేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో వాయిద్యం అప్పజెబుతారు. అతను ఆ ఒక్క వాయిద్యాన్నే వినాలి. మిగిలిన పాట వినకూడదు. విన్నది వాయించాలి. తప్పితే మళ్లీ రికార్డు. ఎవరైనా పల్లవి కూనిరాగం తీస్తే మా నాయనకు కోపం వచ్చేది.

"పాట వినొద్దు. పాటను జనం వింటారు. నువ్వు నీది విను."

వాళ్లందరిలో కష్టం రెండో ఫిడేలుది. మొదటి ఫిడేలు రాగం మీద పోతుంది, ఎవరికైనా వినిపిస్తుంది. రెండోది దాని కింద ఉంటుంది. ఒక్క స్వరాన్ని పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడుతుంది, లేదంటే మొదటిదానికి ఒక మెట్టు కింద నడుస్తుంది. అది ఆగిపోతే పాట పలచబడినట్టు అనిపిస్తుంది గానీ, ఏం పోయిందో చెప్పలేం. నేను మెట్ల మీద కూర్చుని బడి చదువు చదువుకుంటూ ఆ రికార్డులన్నీ విన్నాను. ఇంటికి వచ్చే అయ్యవారి దగ్గర ఫిడేలూ నేర్చుకున్నాను. రెండో ఫిడేలు ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలిసిపోయింది. తెలిశాక ఇక వదల్లేదు. ఇప్పటికీ బస్సులోనో టీ అంగడిలోనో పాత పాట వస్తే నాకు వినబడేది అదే. పాట ఏ సినిమాలోదని అడిగితే చెప్పలేను. రెండో ఫిడేలు ఏం చేస్తుందో వాయించి చూపగలను.

రెండో ఫిడేలు వాయించే బడిపంతులుకు రాయచోటికి బదిలీ అయినప్పుడు, దసరా దగ్గరికి వచ్చింది. ప్రొద్దుటూరు దసరా అంటే జిల్లా అంతా వస్తుంది. మా నాయన నన్ను పిలిచి వాయించమన్నాడు. వాయించాను. ఆయన మెచ్చుకోలేదు. "సరే" అన్నాడు. అప్పటికి తాత బతికే ఉన్నాడు.

"మన ఇంటి ఆడబిడ్డ పోయి సంతలో కూసుంటుందా? పెండ్లోళ్లు బువ్వ తింటాంటే ఫిడేలు వాయిస్తుందా?" అన్నాడు తాత.

"జనానికి కనపడదులే నాయనా" అన్నాడు మా నాయన.

అట్లా తెర వచ్చింది. వేదిక పక్కన, స్తంభానికీ గోడకూ మధ్య, నీలంరంగు తెర కట్టేవారు. దాని వెనక నాకు కుర్చీ, ఒక మైకు. జనం రాకముందే నేను వెనకదారిన వచ్చి కూర్చునేదాన్ని. జనం పోయాకే లేచేదాన్ని. వేంపల్లెలో పెళ్లయినా, జమ్మలమడుగు తిరుణాల అయినా ముందు తెర కట్టి, తర్వాతే వాయిద్యాలు దించేవారు. తెరకు చిన్న సందు ఉండేది. అందులోంచి నాకు మామ వీపు, డబుల్ బేస్ మెడ కనబడేవి. ఆయన చెయ్యి కదిలితే నేను కమాను ఎత్తేదాన్ని.

మా ఆర్కెస్ట్రాలో మొదటి పాటకు ముందు ఒక ఆనవాయితీ ఉండేది. అనౌన్సరు ఒక్కో వాయిద్యాన్నీ జనానికి పరిచయం చేసేవాడు. పేరు చెప్పగానే ఆ మనిషి లేచి, నాలుగు స్వరాలు వాయించి కూర్చునేవాడు. ట్రంపెట్టుకు ఈలలు వచ్చేవి. డబుల్ బేస్‌కు నవ్వు, తర్వాత చప్పట్లు. మొదటి ఫిడేలు అయ్యాక అనౌన్సరు నేరుగా చెల్లోకు పోయేవాడు. రెండో ఫిడేలు పేరు ఉండేది కాదు. నేను తెర వెనక, ఒళ్లో ఫిడేలుతో, నా నాలుగు స్వరాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చునేదాన్ని. నా నాలుగు స్వరాలేవో నేనే ఎంచుకున్నాను. ఎవరూ అడగలేదు. నాకు కావాల్సింది ఒక్కటే. ఒక్కసారి వేదిక మీద, మొదటి ఫిడేలు పక్కన నా కుర్చీలో, జనం చూస్తుండగా వాయించాలి. మా నాయనతో అనలేదు. మా ఇంట్లో అడగడం అనేది లేదు.

పెళ్లయి పులివెందులకు వెళ్లాను. చీనీ, అంటే బత్తాయి, తోటలున్నవాళ్లు. బోర్లు ఎండాయి, చెట్లు ఎండాయి, మా ఆయన పోయాడు, నేను మళ్లీ ప్రొద్దుటూరు మిద్దెకు వచ్చాను. అప్పటికి కీబోర్డు వచ్చింది. ఒక్క మీట నొక్కితే ఫిడేళ్లన్నీ వినబడతాయని పెళ్లివాళ్లే చెప్పేవారు. ముందు చెల్లో మానేసింది. తర్వాత ఫిడేళ్లు. మా నాయన ఎవరినీ పొమ్మనలేదు. వాళ్లే ఒక్కొక్కరు చెప్పులు వేసుకుని దిగిపోయారు. తర్వాత కీబోర్డు కూడా అక్కర్లేదని, పాటలో గొంతు తీసేసి మిగిలిన సంగీతం ఉంచిన ట్రాకులు వచ్చాయి. పెన్‌డ్రైవ్ పెట్టి, మైకు పట్టుకుని పాడితే చాలు. దిగువ అంతస్తు బట్టల కొట్టుకు అమ్మాము. మిద్దె మీద వాయిద్యాలకు బొంతలు కప్పాము.

మా నాయన పోయిన రోజు పొద్దున ఎదురుగా టైలరు అంగడిలో రేడియో పెట్టి ఉంది. ఎవరో పోయి తగ్గించమనేలోగా ఒక పాట సగం అయిపోయింది. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. రెండో ఫిడేలు ఒక స్వరాన్ని పట్టుకుని ఉంది. అది ఎప్పుడు వదులుతుందో నాకు తెలుసు. అక్కడే వదిలింది. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది అంతే.

చాలా ఏళ్ల తర్వాత, ఈ మధ్యనే, ఒక మధ్యాహ్నం ఒక యువకుడు మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, ఆర్కెస్ట్రా ఇల్లంటే ఇదేనా?"

"ఉండింది ఇక్కడే."

"మాది పులివెందుల మా. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివినా. ఉద్యోగం దొరికింది గానీ నాకు కుదుర్ల్యా. ఇప్పుడు ఈవెంట్లు చేస్తాండా." కుర్చీ చూపించినా కూర్చోకుండా ఫోను తీశాడు. "ఇది సూడండి మా. ఫారినోళ్లు. మన పాట వాయిస్తాండారు."

ఎక్కడో పెద్ద హాలు. నల్లకోట్లు వేసుకున్న మనుషులు వరుసలు వరుసలుగా కూర్చున్నారు. అన్ని కమానులూ ఒకేసారి పైకి లేస్తున్నాయి. వాయిస్తున్నది మన సినిమా పాటేనని అతను చెప్పాడు కాబట్టి తెలిసింది. నేను చూసింది వేరు. మొదటి ఫిడేళ్ల పక్కనే, వేదిక ముందు భాగంలో, రెండో ఫిడేళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు. తెల్లజుట్టు ఆమె కూడా ఒకతి ఉంది.

"వీళ్లెవరో తెలుసా?" అని వేలు పెట్టి అడిగాను.

"వయొలిన్లే గదమ్మా."

"రెండో వయొలిన్లు."

"అట్ల కూడా ఉంటాదా?" అన్నాడు. "ఈడ ఒక పెద్ద షావుకారు యాపారం పెట్టి యాభై ఏండ్లయిందంట. ఆయప్పకు ఇట్లాంటిదే కావాలంట. సింఫనీ అని బోర్డు పెడతాం. కడపలో గూడా ఎవురూ చేసిండరు. ఆ పెద్ద ఫిడేలు మీ కాడుందంట గదా? అదుంటే స్టేజీకి ఒక కళ వస్తాది. మీ వాళ్లను కూడా పిలిపించండి. తక్కువైతే నేను పిల్లోళ్లను తెస్తా."

అడ్వాన్సు ఫోనులో వేస్తానన్నాడు. ముందు తాంబూలం ఇవ్వాలన్నాను. మా నాయన ఏ పెళ్లికి ఒప్పుకున్నా ఆకూవక్క చేతిలో పడితేనే ఒప్పుకున్నట్టు. ఆ యువకుడికి అర్థం కాలేదు, అయినా కిందికి పరుగెత్తి తమలపాకులు, వక్క, రెండు అరటిపండ్లు తెచ్చి, వంగి ఇచ్చాడు. నేను నిటారుగా నిలబడి తీసుకున్నాను.

తాంబూలం తీసుకున్నాక మా ఇంట్లో ఇంకేమీ అడగరు. ఎన్ని పాటలు, ఎన్ని మైకులు, ఎవరెక్కడ కూర్చోవాలి, ఇవన్నీ అడగడం బేరగాళ్ల పని అనుకునేవాడు మా నాయన. నేనూ అడగలేదు. అతను తనంతట తానే చెప్పిందొకటి ఉంది. "స్టేజీ మీద మీరంతా కూసుంటే సాలు మా. మిగతాదంతా నేను సూసుకుంటా." దాన్ని నేను మర్యాద మాట అనుకున్నాను.

మామకు ఫోను చేశాను.

"పాపా, నా మోకాళ్లను అడిగినావా? నిలబడి వాయించేది గదా."

"స్టూలు వేయిస్తా మామా."

"స్టూలు మీద కూసోని దాన్ని వాయిస్తే ఎనుమును పిండినట్టు ఉంటాది. నగుతారు జనం." అంటూనే అడిగాడు. "యా పాటలు?"

చెప్పాను. మరుసటి రోజే బస్సెక్కి వచ్చేశాడు. బొంత తీసి, డబుల్ బేస్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ముసిలిదైపాయ" అన్నాడు. తీగెలు కొత్తవి వేయించాము. జమ్మలమడుగు నుంచి క్లారినెట్టు ఆయన, గుడి దగ్గరి మొదటి ఫిడేలు ఆయన కూడా వచ్చారు. క్లారినెట్టు ఆయనకు కట్టుడుపళ్లు. ఊదుతుంటే ఊడి వస్తున్నాయి.

"తీసి జేబులో పెట్టుకోప్పా. ఉత్త చిగుళ్లతో ఊదు, బాలకృష్ణుడు మాదిరి ఉంటాది" అన్నాడు మామ.

సాధన మధ్యాహ్నాలు చేశాము. రేడియోగ్రాం చెడిపోయింది కాబట్టి మనవరాలిదని క్లారినెట్టు ఆయన తెచ్చిన ఫోనులో పాట పెట్టుకున్నాము. అయినా పద్ధతి పాతదే, ఎవరిది వాళ్లు విన్నారు. నా చేతివేళ్లు మొద్దుబారాయి, అయినా స్వరం ఎక్కడుందో తెలుసు కాబట్టి వేలు వెళ్లి అక్కడ పడింది. నా నాలుగు స్వరాలు కూడా ఒంటరిగా ఒకసారి వాయించి చూసుకున్నాను. అవి మారలేదు.

కార్యక్రమం రోజు మధ్యాహ్నమే కల్యాణమండపానికి రమ్మన్నారు. వేదిక మీద కుర్చీలు నిజంగానే వరుసలుగా వేశారు. నల్లకోట్లు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. కాలేజీ పిల్లలు కొందరు బాడుగ ఫిడేళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకడు ఫిడేలును ఎడమకు బదులు కుడిభుజం మీద పెట్టుకున్నాడు. ముందు వరుసలో, మొదటి ఫిడేలు పక్కన, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కాగితం అంటించి ఉంది, అమ్మ అని. నేను దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. తెర లేదు. ఎదురుగా ఖాళీ హాలు.

మాకు మైకులు కనబడలేదు. అనౌన్సరు ముందు ఒకటి, పాడేవాళ్ల ముందు రెండు. మా ముందు ఏమీ లేవు.

"మా మైకులు యాడప్పా?" అని ఆ యువకుడిని అడిగాను.

"మైకులు ఎందుకమ్మా? ట్రాక్ ఉంది గదా." ల్యాప్‌టాప్ చూపించాడు. "చెన్నైలో చేయించినా, కీబోర్డు మీద. అచ్చం సింఫనీనే."

"మరి మేము?"

"మీరు కూసుంటారు గదమ్మా. కమాను అట్లిట్ల ఆడిస్తే సాలు. అదే గదా నేను మొదట్నుంచి సెప్తాండేది." నా ముఖం చూసి కొంచెం తగ్గాడు. "ఇప్పుడు ఎవురు వాయిస్తాండారమ్మా? యాడ సూసినా ఇంతే. మీకు తెలుసనుకుంటి."

అతను అబద్ధమాడలేదు. అతను చెప్పిందంతా నాకు గుర్తుంది, అందులో వాయించండి అన్న మాట లేదు. అడిగి ఉంటే చెప్పేవాడు.

"ఇంకొక్క పనమ్మా," అని జేబులోంచి సబ్బు ముక్క తీశాడు. "సౌండు రాకుండా కమానుకు రవ్వంత ఇది రుద్దాల. ట్రాక్‌లో కలిస్తే బాగుండదు."

మామ ఆ సబ్బు కేసి చూశాడు. "మేము ఇంటికాడ నీళ్లు పోసుకునే వచ్చినాం లేప్పా" అన్నాడు.

క్లారినెట్టు ఆయన నవ్వాడు. పిల్లలు నవ్వారు. ఆ యువకుడు కూడా నవ్వి, సబ్బును నా కుర్చీ మీద పెట్టి వెళ్లాడు. మామ నా దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తాం పాపా? పోదామా?"

"తాంబూలం తీసుకున్నా మామా."

"ఆకులు నమిలి ఊంచేస్తిమి గదా. యాడ తిరిగిస్తాం ఇంగ." పైకి చూసి, లైట్లను చూసి, మళ్లీ నన్ను చూశాడు. "నేనైతే వాయిస్తా. ఉత్త చెయ్యి ఆడిచ్చేది నాకు రాదు. మైకు లేకపోతే లేకపోనీ."

నేను వెళ్లిపోయి ఉండవచ్చు. మా ఇంట్లో ఎవరూ తాంబూలం తీసుకుని వెళ్లిపోలేదు కాబట్టి అది ఎట్లా చేస్తారో నాకు తెలియదు. సబ్బును కుర్చీ కిందికి నెట్టి కూర్చున్నాను.

సాయంత్రానికి హాలు నిండింది. అనౌన్సరుకు మా పాత ఆనవాయితీ ఎవరు చెప్పారో, మామే చెప్పి ఉంటాడు, ఒక్కో వాయిద్యాన్నీ పరిచయం చేయడం మొదలుపెట్టాడు. మొదటి వయొలిన్ అన్నాడు. ఆ యువకుడు ల్యాప్‌టాప్ నొక్కగానే ఫిడేలు మోగింది, మొదటి ఫిడేలు ఆయన కమాను ఆడించాడు. తర్వాత నా వంతు.

"రెండో వయొలిన్! జమ్మలమడుగు తాలూకాలో పేరుమోసిన మునసబు గారి మనవరాలు, ఈ ప్రొద్దుటూరికి ఆర్కెస్ట్రాను పరిచయం చేసిన పెద్దాయన కూతురు..."

లేచి నిలబడ్డాను. ఫిడేలు చేతిలో ఉంది, కమాను ఇంకో చేతిలో కిందికి వేలాడుతోంది. ఎత్తలేదు. ల్యాప్‌టాప్‌లోంచి ఏవో నాలుగు స్వరాలు మోగాయి. అవి నావి కావు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో షావుకారు కూడా కొట్టాడు. కూర్చున్నాను. వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"పాపా, నీ ఫిడేలు దానంతట అదే వాయించుకుంటాందే."

పాట మొదలైంది. మేము ఎప్పుడూ మొదట వాయించే పాటే. అలవాటు కొద్దీ రెండో ఫిడేలు కోసం విన్నాను. లేదు. కీబోర్డు వాయించిన మనిషికి అది వినబడి ఉండదు, లేదా అక్కర్లేదనుకుని ఉంటాడు. చరణం దాకా వెతికాను. అది నిలబడాల్సిన చోట ఏమీ లేదు. వినడానికి నాది ఏదీ లేకపోయేసరికి, మిగిలింది పాట. అమ్మాయి పాడుతోంది. మాటలు అర్థమయ్యాయి. రాగం ఎక్కడెక్కి ఎక్కడ దిగుతుందో మొదటిసారి తెలిసింది. అన్నేళ్లు వాయించిన పాట అంత చిన్నదని నాకు తెలియదు. బాగుందా అంటే చెప్పలేను.

నా చుట్టూ పిల్లలు కమానులు ఆడిస్తున్నారు. నేను ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, వీపు కుర్చీకి ఆనకుండా కూర్చున్నాను. కొంతసేపటికి అరికాళ్ల కింద చెక్క సన్నగా అదురుతున్నట్టు తెలిసింది. మామ వాయిస్తున్నాడు. స్పీకర్ల హోరులో ఆ శబ్దం ఎవరికీ అందదు, వేదిక పలకల్లోంచి కుర్చీ కాళ్లకు వస్తోంది. పాటంతా వాయించాడు. ఆ తర్వాత పాటలు కూడా. స్టూలు మీద కూర్చోలేదు.

అయిపోయాక జనం వేదికెక్కి డబుల్ బేస్‌ను పట్టుకుని సెల్ఫీలు తీసుకున్నారు. షావుకారు భార్య నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది.

"శానా బాగా వాయించినారమ్మా. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

దండం పెట్టాను.

కొన్ని రోజులకు ఆ యువకుడు మళ్లీ మెట్లెక్కాడు. వీడియో అందరూ చూస్తున్నారని, పులివెందులలో ఒక పెళ్లికి సింఫనీ కావాలంటున్నారని చెప్పాడు. ఈసారి తమలపాకులు తనే తెచ్చాడు. నేను చెయ్యి చాచలేదు.

"మేము రాము."

"మీకు కష్టమైతే వద్దులే మా. ఆ పెద్ద ఫిడేలు ఒక్కటి బాడుగకు ఇయ్యండి. అది లేకుంటే సింఫనీ అని నమ్మడం ల్యా జనం."

"మా ఇంట్లో బాడుగకు ఇవ్వం."

"మరి ఏం చేస్తారమ్మా దాన్ని?"

"అమ్ముతాం."

నవ్వులాట అనుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి తన దగ్గర పెట్టుకునేందుకు చోటు లేదన్నాడు. జమ్మలమడుగులో ఒక ఫొటో స్టూడియో వాళ్లు కొంటారేమో కనుక్కుంటానన్నాడు. కనుక్కున్నాడు.

వాళ్లు బండి తెచ్చే రోజు మామ వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు, ఎవరో చెప్పినట్టున్నారు. తీగెలన్నీ వదులు చేసి, చెక్క పైన దుమ్ము తన తువ్వాలతో తుడిచాడు.

"ఎండలో నిలబెడతారు. బిగించి పెడితే మెడ పగులుతాది" అన్నాడు. తర్వాత అడిగాడు. "వాయించేటోళ్లు ఉండారా వాళ్ల కాడ?"

"లేరు మామా."

"సరేలే" అన్నాడు. మెట్లు దించేటప్పుడు కింద పక్క ఆయనే పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు.

ఆర్కెస్ట్రాలో చివరగా మిగిలిన పెద్ద వాయిద్యం అది. గండికోటలో, కోటగోడ దగ్గర, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు దాన్ని పట్టుకుని నిలబడుతున్నారు. డబుల్ బేస్ ఒక్కటే అమ్మాము. దాని కమానును వాళ్లు వద్దన్నారు.